జిప్‌లైన్ మీద బిగుసుకుపోయాను, ఇప్పుడు నాన్న మాట్లాడటం లేదు

ఒక అమ్మాయి రాసింది. పేరూ కాలేజీ వివరాలూ తీసేసి, చాలా పొడుగ్గా ఉన్న ఉత్తరాన్ని కుదించి చెబుతున్నాను.

వయసు 21. అమెరికాలో పర్యావరణ శాస్త్రం చదువుతోంది, ఈ సెమిస్టర్ మాత్రం మధ్య అమెరికాలోని కోస్టారికాలో. బ్యాచ్ మొత్తం శాన్ హోసేలో ఉంటూ వారాంతాల్లో అడవులూ అగ్నిపర్వతాలూ తిరుగుతున్నారు. ఫిబ్రవరిలో మబ్బులు కమ్ముకునే కొండ అడవి, మోంటెవెర్డే తీసుకెళ్లారు. శనివారం అంతా అడవిలో నడక, పక్షులు, నోట్సు. ఆదివారం ఎవరిష్టం వాళ్లది. రూమ్‌మేట్ ముందే అందరి పేర్లూ జిప్‌లైన్‌కి (చెట్ల మధ్య కట్టిన కేబుల్‌కి వేలాడుతూ ఈ చివర నుంచి ఆ చివరికి జారడం) ఇచ్చేసింది, ఈమె పేరుతో సహా. ఎత్తులంటే చిన్నప్పటినుంచీ భయం అని ఈమె ఎవరికీ చెప్పలేదు. కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టింది, నడుముకీ తొడలకీ పట్టీల హార్నెస్ బిగిస్తే నిలబడింది. మొదటి మూడు కేబుళ్లు కళ్లు మూసుకుని దాటేసింది. నాలుగో ప్లాట్‌ఫాం ఎక్కేసరికి కింద కొమ్మలు కూడా లేవు. లోయ, దాన్నిండా తెల్లటి మబ్బు, కేబుల్ సగం దూరం వెళ్లి అందులో మాయమైపోతోంది. కాళ్లు కదల్లేదు. వెనక క్యూ. ఏడుపొచ్చేసింది. గైడ్ "ట్రాంకీలా, ట్రాంకీలా" (కంగారుపడకు) అంటూ తనకి తగిలించుకుని మిగతావన్నీ అలాగే దాటించాడు.

రూమ్‌మేట్ ఆ ఏడుపంతా ఫోన్‌లో తీసి రాత్రికి గ్రూపులో పెట్టింది, పొద్దున్నకి ఇన్‌స్టాలో కూడా. అందరూ నవ్వారు, ఈమె కూడా కింద నవ్వు బొమ్మ పెట్టింది. ఆ వీడియో పెదనాన్న కూతురి కంట పడి, వాళ్లింట్లో అందరూ చూసి, చివరికి నాన్న దగ్గరికి చేరింది. "లోను తీసి పంపింది చదువుకోడానికా, తాళ్లకి వేలాడటానికా?" అని ఒక్క మాట అని పెట్టేశారు. అప్పట్నుంచి ఫోన్ అమ్మే ఎత్తుతోంది. ఇక ఏ ట్రిప్పూ వద్దని అమ్మ ద్వారా కబురు. వచ్చే నెల అరెనాల్ అగ్నిపర్వతం దగ్గర లా ఫోర్తూనాలో రెండు రోజుల ఫీల్డ్ వర్క్ ఉంది, దానికి మార్కులున్నాయి. రెండో రోజు మధ్యాహ్నం మళ్లీ జిప్‌లైన్, అది మాత్రం ఇష్టమున్నవాళ్లకే. "ట్రిప్పుకి వెళ్లాలా వద్దా? వెళ్తే ఎక్కాలా? నాన్నకి ఏం చెప్పాలి? రూమ్‌మేట్‌తో ఒకే గదిలో ఎలా ఉండాలి? అసలు నేను పిరికిదాన్నా అక్కా?" అని అడిగింది.

అక్కా అన్నావు కాబట్టి నేనూ నువ్వు అనే అంటాను.

నీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, మిగతావన్నీ దాన్ని పట్టుకునే వేలాడుతున్నాయి. మొదటి మూడూ దాటినదాన్ని నాలుగో దాని దగ్గర ఎందుకు ఆగిపోయాను అని మూడు చోట్ల రాశావు. అందులో వింతేం లేదమ్మా. ఆ టూర్లలో మొదటి ఒకటి రెండు కేబుళ్లు కావాలనే పొట్టిగా, చెట్ల మధ్యగా వేస్తారు. కాళ్లు ఎలా ముడుచుకోవాలి, చెయ్యి ఎక్కడ పెట్టాలి, చివర్లో ఎలా ఆగాలి అన్నది ఒంటికి అలవాటు కావాలని. అలవాటు కావాల్సింది కళ్లకి కూడా, నువ్వేమో ఆ కాసేపూ కళ్లు మూసుకున్నావు. అంటే నీ కళ్లకి నాలుగోదే మొదటిది, పైగా అది లోయ మీద పడింది.

ఇంకొకటి. మనం తిన్నగా నిలబడాలంటే కళ్లూ, లోపలి చెవీ, కాళ్లూ మూడూ ఒకే మాట చెప్పాలి. దగ్గర్లో గోడో కొమ్మో ఉంటే కళ్లు దాన్ని ఆసరా చేసుకుంటాయి. చుట్టూ ఉత్త మబ్బే ఉన్నప్పుడు పట్టుకోడానికి ఏమీ ఉండదు, ఒళ్లు కాస్త ఊగినా ఎంత ఊగిందో తెలియదు, దాంతో కాళ్లు నేలకి అతుక్కుపోతాయి. దానికి తోడు ఆ ప్లాట్‌ఫాం ఉన్నది బతికున్న చెట్టుకి. ముందువాడు వదిలినప్పుడూ, వెనకవాడు వచ్చి దిగినప్పుడూ చెట్టు మొత్తం ఒక్క వణుకు వణుకుతుంది, పాదాల కింద చెక్కలు కదులుతాయి. ఎత్తంటే భయం లేనివాళ్లే ఆ క్షణంలో చెట్టుని కావలించుకుంటారు. నువ్వు ఏడ్చావు, అంతే.

గైడ్ తనకి తగిలించుకుని తీసుకెళ్లడం నీకు అవమానంగా ఉంది. ఆయనకి మాత్రం అది రోజూ చేసే పనే. మోంటెవెర్డేలో ఆ నెలల్లో గాలి గట్టిగా ఉంటుంది, బక్కగా ఉన్నవాళ్లు పొడవాటి కేబుల్ మీద అవతలికి చేరకుండా మధ్యలోనే ఆగిపోతారు. అప్పుడు వెనక్కి తిరిగి, కేబుల్ పట్టుకుని ఒక చెయ్యి తర్వాత ఇంకో చెయ్యి వేస్తూ లాక్కోవాలి, లేదా గైడే ఎదురొచ్చి తీసుకెళ్లాలి. అందుకని భయం లేనివాళ్లని కూడా ఇద్దరిద్దరిని కలిపి పంపిస్తుంటారు.

అందుకని పిరికిదాన్నా అంటే, కాదు. కానీ నీ ఉత్తరంలో ఇంకొకటి కనపడింది, చెబితే కోపం తెచ్చుకోకు. రూమ్‌మేట్ పేరిచ్చినప్పుడు ఊరుకున్నావు. వీడియో పెడితే నవ్వు బొమ్మ పెట్టావు. ఇంట్లో అడగలేదు కాబట్టి చెప్పలేదు. మూడు చోట్లా లోపల వద్దు అని ఉంది, బయటికి సరే అనో, ఏమీ అనకుండానో వచ్చింది. నిన్ను ఇబ్బంది పెడుతున్నది ఎత్తంటే ఉన్న భయం కన్నా ఈ మొహమాటం ఎక్కువ అని నా లెక్క. ఎత్తు భయం ఉన్నవాళ్లు లక్షల మంది హాయిగా నేల మీద బతికేస్తున్నారు.

ఇప్పుడు నాన్న సంగతి. ఆయన డబ్బు మాట ఒక్కటే అన్నారు కాబట్టి నువ్వు డబ్బు గురించే ఆలోచిస్తున్నావు, లైబ్రరీలో పని చేసి దాచుకున్న డబ్బుతోనే వెళ్లాను కదా అని వాదన తయారు చేసుకుంటున్నావు. ఆ వాదన నిజమే కావచ్చు, దానితోనే మొదలుపెడితే మాత్రం ఫోన్ మళ్లీ అమ్మ చేతికి వెళ్తుంది. ఆయన చూసిందేమిటో ఒకసారి ఆయన వైపు నుంచి చూడు. ఎక్కడో తెలియని దేశం, కింద ఏముందో కనపడని లోయ, కూతురు వెక్కివెక్కి ఏడుస్తోంది, చుట్టూ నవ్వులు. అది కూడా అన్నగారింట్లో అందరూ చూసేశాక, వాళ్లు చెబితే. (ఆ ఇంట్లో టీవీకి కలిపి మరీ చూసుంటారని నా అనుమానం.) భయం వేసింది, అన్నగారి ముందు చిన్నతనంగా అనిపించింది, కూతురు తనకి చెప్పలేదని మనసు నొచ్చుకుంది. ఈ మూడింటిలో ఏదీ మన ఇళ్లల్లో నాన్నలు నోరు తెరిచి చెప్పరు. లోను గురించైతే గట్టిగా అరవచ్చు.

నీ ముందు మూడు దారులున్నాయి. ఒకటి, నాన్న చెప్పినట్టే ట్రిప్పు మానేయడం. ఇంట్లో వెంటనే చల్లబడుతుంది, అది కాదనను. కానీ మార్కులు పోతాయి, ఎందుకు పోయాయో రేపు నాన్నకే చెప్పాల్సి వస్తుంది. పైగా నీ చదువే అడవిది. చెట్లు చూడటానికి ఇంట్లో పర్మిషన్ లేదంటే పర్యావరణ శాస్త్రం ఎలా చదువుతావు? రెండోది, చెప్పకుండా వెళ్లిపోవడం. నీ క్లాసులో సగం మంది చేతుల్లో ఎప్పుడూ ఫోన్ ఉంటుంది, మీ పెదనాన్న కూతురు ఎలాగూ ఇన్‌స్టాలో ఉంది. ఈసారి బయటపడితే ఆయన జిప్‌లైన్‌నే కాదు, ఫీల్డ్ వర్క్‌ని కూడా నమ్మరు. మూడోది, వెళ్తున్నానని ముందే చెప్పడం. కష్టమైనది ఇదే. ఆయన వద్దంటే అప్పుడేంటి అన్న ప్రశ్న కూడా ఉంది, దానికి తర్వాత వస్తాను.

చెప్పేటట్టయితే మెసేజ్‌లో వద్దు. అమ్మకి ముందు చెప్పు, "నాన్న పక్కన కూర్చున్నప్పుడు ఫోన్ స్పీకర్‌లో పెట్టు, ఆయన మాట్లాడకపోయినా ఫర్వాలేదు, వింటే చాలు" అని. మొదటి మాట వీడియో గురించే ఉండాలి. ఆ రోజు చాలా భయపడ్డాను నాన్నా, మీకు నేనే చెప్పాల్సింది, వేరేవాళ్ల ద్వారా తెలిసింది, అది బాగా లేదు. ఇంతే. ఆ తర్వాత ఆగు. ఆయన తిట్టేది ఏదైనా ఉంటే అక్కడ తిట్టనీ. తర్వాత లా ఫోర్తూనా సంగతి, ఫీల్డ్ వర్క్ వేరు, జిప్‌లైన్ వేరు అని విడగొట్టి చెప్పు. ప్రస్తుతం ఆయన బుర్రలో రెండూ ఒకటే. ప్రొఫెసర్ పంపిన షెడ్యూల్, ఎన్ని మార్కులు, ఎవరు తోడు వస్తారు, ఎక్కడ దిగుతారు అన్నవి అమ్మ వాట్సాప్‌కి ముందే పంపించి ఉంచు. అరెనాల్ 1968లో పేలి ఊళ్లను ముంచేసింది, 2010 నుంచి మాత్రం నిద్రపోతోంది. ఈ ముక్క నువ్వు చెప్పకపోతే ఆయనే అగ్నిపర్వతం అని గూగుల్ చేసుకుని ఇంకో రాత్రి నిద్ర పోగొట్టుకుంటారు.

జిప్‌లైన్ గురించి అడిగితే వందశాతం సేఫ్ అని మాత్రం అనకు. అబద్ధం అవుతుంది, ఆయనకీ తెలుసు. తాడు తెగడం లాంటివి చాలా అరుదు, కానీ వేగంగా వచ్చి ప్లాట్‌ఫాంకి కొట్టుకోవడం, ఆపబోయి చేతివేళ్లు పుల్లీలో పడటం, క్లిప్ సరిగ్గా తగిలించకపోవడం, ఇలాంటి మనిషి పొరపాట్లు జరుగుతాయి. అందుకని నువ్వు ఏం చూసుకుంటావో చెప్పడం ఎక్కువ పని చేస్తుంది.

నీకు ఇంకో మంచి వాదన దొరుకుతుందని ముందే చెబుతున్నా, దాన్ని కూడా జాగ్రత్తగా వాడు. కోస్టారికా అడవుల్లో చెట్ల తలల మీదికి తాళ్లతో ఎక్కింది మొదట సరదా కోసం కాదు. 1970లలో డొనాల్డ్ పెర్రీ అనే జీవశాస్త్రవేత్త తాళ్లు కట్టుకుని పైకెక్కి, కింద నుంచి ఎప్పటికీ కనపడని జీవుల్ని అక్కడ చూశాడు. టూరిస్టుల కోసం మోంటెవెర్డేలో కేబుళ్లు వేయడం 1990లలో మొదలైంది. నువ్వు చదువుతున్న సబ్జెక్టుకి ఇది దగ్గరే, చెబితే నాన్నకి నచ్చవచ్చు కూడా. కానీ ఆ ఆదివారం నువ్వు పరిశోధనకి వెళ్లలేదు, సరదాకి వెళ్లావు. ఆ తేడా ఆయనకి ఇట్టే తెలిసిపోతుంది. సరదాకే వెళ్లానని ఒప్పుకున్నాక ఈ కథ చెప్పు, అప్పుడైతే వింటారు.

అయినా వద్దంటే? నీకు 21, ఎక్కడికి వెళ్లాలన్నది నువ్వే తేల్చుకోవచ్చు, కానీ ఫీజు కడుతున్నదీ నిద్ర మానుకుంటున్నదీ ఆయన. నేనైతే ఫీల్డ్ వర్క్ దగ్గర తగ్గను, దాని కోసం నెల రోజులు ఆయన మాట్లాడకపోయినా సరే అనుకుంటాను. జిప్‌లైన్ దగ్గర మాత్రం పట్టు సడలిస్తాను, ఎందుకంటే అది ఎక్కాలని నీకే ఉందో లేదో ఇంకా తెలియదు. "అది ఎక్కుతానో లేదో తేల్చుకోలేదు నాన్నా, తేల్చుకున్నాక ముందు మీకే చెబుతా" అను. ఇక జన్మలో ఎక్కను అని ఒట్టు పెట్టకు. ఆ ఒట్టు నువ్వు నిలబెట్టుకోలేకపోతే ఈసారి వచ్చే గొడవకి మందు లేదు.

మరి ఎక్కాలా?

నీ ఉత్తరంలో ఒకచోట "మళ్లీ ఎక్కి చూపిస్తే అందరూ నోళ్లు మూసుకుంటారు" అని ఉంది. అదొక్కటే కారణమైతే ఎక్కకు. చూపించడం కోసం ఎక్కినవాళ్లు గైడ్‌కి భయం దాచిపెడతారు, పోయినసారి నువ్వు చేసింది అదే. అదే ఉత్తరంలో, గైడ్‌తో పాటు వెళ్తున్నప్పుడు ఆరో కేబుల్ దగ్గర కళ్లు తెరిచాననీ, కింద చెట్ల మీద నాచు, దాని మీద నీటి చుక్కలు కనిపించాయనీ, ఒక్క క్షణం బాగుందనీ కూడా రాశావు. ఆ క్షణం ఇంకోసారి కావాలనిపిస్తోందా? అయితే వేరే సంగతి, అప్పుడు ఎలా ఎక్కాలో చూద్దాం.

ముందు రోజే అడుగు: మొత్తం ఎన్ని కేబుళ్లు, అన్నింటికన్నా పొడవైనది ఎన్నోది, మధ్యలో కిందికి దిగిపోవడానికి దారి ఎన్నో ప్లాట్‌ఫాం దాకా ఉంది. కొన్ని చోట్ల మెట్లుంటాయి, కొంత దూరం వెళ్లాక ముందుకి తప్ప దారి ఉండదు. నిన్ను ఆ రోజు ఇరికించింది అదే. హార్నెస్ తొడిగేటప్పుడే గైడ్‌కి చెప్పు, నాకు ఎత్తంటే భయం, పొడవైనవి మీతో కలిసి వెళ్తాను అని. క్యూలో చివర నిలబడకు, ఎదురుచూసే కొద్దీ గుండె దడ పెరుగుతుంది, రెండో మనిషిగానో మూడో మనిషిగానో వెళ్లిపో. పొట్టి కేబుళ్ల మీద కళ్లు తెరిచి ఉంచు, దూరంగా కాకుండా పుల్లీ వైపో అవతలి ప్లాట్‌ఫాం వైపో చూడు. చేత్తో ఆపే పద్ధతి అయితే తోలు గ్లోవ్ ఉన్న చెయ్యి ఎప్పుడూ పుల్లీకి వెనక, కేబుల్ మీద పైనుంచి నొక్కాలి, ముందు వైపు పెట్టనే కూడదు. గైడ్లే ఆపే చోట అసలు ముట్టుకోవద్దంటారు. ఏది ఏ పద్ధతో రెండుసార్లు అడుగు, సిగ్గుపడకు. హార్నెస్ పట్టీలన్నీ సరిగ్గా తగిలించారో లేదో నువ్వూ చూసుకో. సూపర్‌మాన్ లాగా బోర్లా పడుకుని వెళ్లేవీ, టార్జాన్ ఊయలా ఉంటాయి, కోస్టారికాలో కిలోమీటరు దాటిన కేబుళ్లు కూడా ఉన్నాయి. నీ క్లాసువాళ్లు వాటి కోసం ఎగబడతారు. వాటిని మర్యాదగా వదిలేయ్.

ఇంకా ఒక పని. సంతకం పెట్టిన కాగితం చదవలేదని రాశావు. ప్రమాదం ఉందని నాకు తెలుసు, నా ఇష్టంతోనే ఎక్కుతున్నాను అని ఉంటుంది దాంట్లో మామూలుగా. అసలు చూడాల్సింది నీ స్టూడెంట్ ఇన్సూరెన్స్. చాలా పాలసీల్లో సాహస క్రీడలకి వర్తించదని ఒక మూల రాసి ఉంటుంది, కొన్నింట్లో అదనంగా కొంత కడితే కలుపుతారు. ప్రోగ్రాం ఆఫీసుకి ఒక మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెలుసుకో. లేదు అని వస్తే నీ నిర్ణయం అక్కడితో తేలిపోయినట్టే అని నేననుకుంటాను. కాలో చెయ్యో విరిగితే అక్కడి ప్రైవేటు ఆసుపత్రి బిల్లు కూడా ఆ లోను మీదే పడుతుంది.

ఎక్కకూడదనుకుంటే, ఆ మాట ప్లాట్‌ఫాం మీద కాకుండా పేర్లు ఇచ్చే రోజే చెప్పేయ్. "నేను రావట్లేదు, వేలాడే వంతెనల వైపు వెళ్తున్నా" అంటే చాలు, కారణం చెప్పక్కర్లేదు. లా ఫోర్తూనా దగ్గర ఆ వంతెనలున్నాయి. అవీ ఊగుతాయి, అవీ ఎత్తే, కానీ పట్టుకోడానికి రెండు వైపులా కడ్డీలుంటాయి, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు, వెనక్కి కూడా రావచ్చు. ఎత్తు అలవాటు చేసుకోడానికి తాడు కన్నా అదే నయం. పైగా నువ్వు చదివే చదువుకి అదే లాభం. కేబుల్ మీద దూసుకుపోతుంటే గాలి హోరు తప్ప ఏదీ వినపడదు, పక్షులు ముందే పారిపోతాయి, వంతెన మీద నిలబడితే చెట్ల తలలు కళ్లకి సమానంగా ఉంటాయి, ఆర్కిడ్‌లు చేతికందేంత దగ్గర్లో కనపడతాయి. కాకపోతే ఆ రాత్రి భోజనాల దగ్గర అందరూ కేబుళ్ల గురించే మాట్లాడుతుంటే నువ్వొక్కదానివే పక్కన ఉండిపోయినట్టు ఉంటుంది. అది ఉంటుంది, లేదని చెప్పను. ఇంకొకరిద్దరు కూడా ఎక్కకూడదనుకుంటూ నీలాగే ఊరుకున్నవాళ్లు ఉంటారని నా నమ్మకం. నువ్వు ముందు నోరు తెరిస్తే వాళ్లు నీతో వంతెనల వైపు వస్తారు.

రూమ్‌మేట్ విషయం పొడిగించను. ఆమె చేసింది తప్పే, ఏడుస్తున్న మనిషిని అడగకుండా ఇన్‌స్టాలో పెట్టడం ఏ దేశంలోనైనా తప్పే. కానీ నీ నవ్వు బొమ్మ చూశాక ఆమెకి నువ్వు బాధపడుతున్నావని తెలిసే అవకాశం ఎక్కడుంది? నీ వైపు నుంచి ఒక్కసారి కూడా చెప్పకుండా ఆమె మీద తీర్పు ఇవ్వలేను. ఊరుకుంటే మే దాకా ఆమె తలుపు తీసిన ప్రతిసారీ నీకు కడుపులో మండుతుంది, ఆమెకేమో ఏమీ అర్థం కాదు. అందరి ముందు అడిగితే గొడవ గ్రూపంతా పాకుతుంది. ఇద్దరే ఉన్నప్పుడు, "ఆ వీడియోకి నేను నవ్వాను కానీ నాకు నచ్చలేదు, అది మా ఇంటి దాకా వెళ్లింది, మా నాన్న నాతో మాట్లాడటం లేదు, తీసేయ్. ఇకమీదట నన్ను అడక్కుండా నా పేరు దేనికీ ఇవ్వకు" అను. ఇంగ్లీషులో ముందే రాసుకుని రెండుసార్లు చదువుకో, లేకపోతే ఆ టైముకి మళ్లీ సారీ అంటూ మొదలుపెడతావు నువ్వు. ఆమె సారీ చెప్పి తీసేస్తే ఆ స్నేహం మిగిలినట్టే. ఇంత చిన్నదానికా అని తేలిక చేస్తే ప్రోగ్రాం ఆఫీసులో గది మార్చమని అడగొచ్చు, కారణం కూడా రాయొచ్చు, అయితే ఆ తర్వాత ఫీల్డ్ వర్క్‌లో ఆమెతో ఒకే గుంపులో తిరగడం కాస్త ఇబ్బందిగానే ఉంటుంది, అది ఆలోచించుకునే అడుగు.

ఆ వీడియోని తీసేయించే పని మాత్రం ఈ రాత్రికే అయిపోవాలి. నాన్నకి ఫోన్ రేపు.